మిల్ట్రోళ్ల ఇల్లు
(హనుమకొండలో విజయ్ దివస్ రోజు జరిగిన మాజీ సైనికుల కుటుంబాల సభలో ఒక రిటైర్డ్ టీచర్ మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, మాజీ సైనికులకు, ఇంత చలిలో పొద్దున్నే బస్సు పట్టుకుని పరకాల నుంచి, ములుగు నుంచి, నర్సంపేట నుంచి వచ్చిన అమ్మలకు ముఖ్యంగా. నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను జీవితమంతా బడిలో పాఠాలు చెప్పినవాణ్ని, బెల్లు కొట్టేదాకా ఆపడం మాకు రాదు, కాబట్టి నిర్వాహకులు దయచేసి చీటీలు పంపకండి.

నేను మాట్లాడబోయేది మా పెద్దనాయన గురించి. పేరు చెప్పను. ఎందుకంటే పెద్దమ్మ వద్దంది. ఇదిగో, ఇక్కడే రెండో వరుసలో కూర్చుంది. పేరు చెప్తే మళ్లీ ఎవరో ఒకరు శాలువా పట్టుకుని ఇంటికొస్తారట, ఆ శాలువాలు పెట్టడానికి ఇంట్లో జాగా లేదట. (నవ్వులు) ఊళ్లో కూడా ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువే. మిల్ట్రాయన అనేవాళ్లు. మాది మిల్ట్రోళ్ల ఇల్లు. నేను టీచర్‌ని, మా తమ్ముడు కరెంటు ఆఫీసులో పనిచేశాడు, అయినా ఇప్పటికీ ఊరికి పోతే 'మిల్ట్రోళ్ల పిలగాడు' అనే అంటారు. ఒక్కడు పట్టాలం పోతే ఇంటి పేరే మారిపోయింది.

ఆయన 1963లో చేరాడు. 1962లో చైనాతో యుద్ధం అయిపోయాక మన సైన్యాన్ని పెద్దఎత్తున పెంచారు, ఆ భర్తీలో దేశమంతా పల్లెల నుంచి కుర్రాళ్లు పోయారు. దేశభక్తితో పోయాడా అంటే, ఆయనే చెప్పేవాడు, "ఆకలైతాంది, పోయిన" అని. మూడెకరాల చెలక, ఇంట్లో అయిదుగురు పిల్లలు, మీద అప్పు. దేశం అంటే ఏందో అక్కడికి పోయినంకనే తెలిసింది అనేవాడు. ఈ మాట వేదికల మీద చెప్తే కొందరికి నచ్చదు. నాకు మాత్రం ఇందులో తక్కువేమీ కనబడదు. కాజీపేటలో రైలెక్కి, బెంగళూరు అలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ సాపర్స్ సెంటర్‌కు చేరాడు. ఇక్కడున్న సైనికులకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నా. సాపర్లంటే సైన్యంలో ఇంజినీరింగ్ పనిచేసే జవాన్లు. వంతెన కట్టాలన్నా, దారి వేయాలన్నా, శత్రువు పాతిన మందుపాతరలు తీయాలన్నా వాళ్లే. మద్రాస్ సాపర్లు ఒకరినొకరు తంబీ అని పిలుచుకుంటారు. మా పెద్దనాయన ఊరికొచ్చాక కూడా బజార్లో కనబడ్డ ప్రతి పిలగాణ్నీ తంబీ అనేవాడు, ఆఖరికి సర్పంచునూ తంబీ అన్నాడు, ఆయన కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

1967లో పెళ్లయింది. పెద్దమ్మ చిన్నపిల్ల. పెళ్లయిన కొత్తలో మొగుడు ఉండే ఊరు 'యాభై ఆరు' అనుకునేదట! ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు కదా, 56 ఏపీఓ అని, అంటే సైన్యం పోస్టాఫీసు నంబరు, అదే ఉంటుంది, సైనికుడు ఎక్కడున్నాడో బయటివాళ్లకు తెలియకుండా. ఎవరన్నా మీ ఆయన ఎక్కడుంటడమ్మా అంటే యాభై ఆరుల ఉంటడు అని చెప్పేది. పెద్దమ్మా, కోపం చేసుకోకు, నువ్వు చెప్పిందే చెప్తున్నా.

ఏడాదికోసారి సెలవు. మా పెద్దక్క పుట్టినప్పుడు ఆయన లేడు. అన్న పుట్టినప్పుడూ లేడు. మా నానమ్మ మంచం పట్టినప్పుడు లేడు, తాత పోయినప్పుడు టెలిగ్రాం అంది, సెలవు దొరికి, రైళ్లు మారి వచ్చేసరికి దశదిన కర్మ కూడా అయిపోయింది. మోట కొట్టించుడు, కూలోళ్లను పిలుచుడు, పంట అమ్మి అప్పు కట్టుడు, ఆడబిడ్డల పెళ్లిళ్లు, అన్నీ ఈమె చేసింది. మనియార్డర్ వచ్చేది, నిజమే. పోస్టుమ్యాన్ ఇంటిముందు సైకిల్ ఆపితే వాకిట్లో అప్పులోళ్లు కూడా ఆగేవాళ్లు.

ఇక 1971, పాకిస్తాన్‌తో యుద్ధం. ఈ రోజు డిసెంబర్ 16 కాబట్టి అది చెప్పాలి.

మనమంతా విజయ్ దివస్ చేసుకుంటాం. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు, 93,000 మంది ఖైదీలు, ఆ ఫొటో అందరూ చూసిందే. మా పెద్దనాయన ఉన్నది అటు కాదు, పడమటి దిక్కు, షకర్‌గఢ్ ప్రాంతంలో. అక్కడ బసంతర్ అని ఒక నది ఉంది, రావికి ఉపనది. దానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా పాకిస్తాన్ వాళ్లు మందుపాతరలు పాతిపెట్టారు. కాల్బలం నడిచి అవతలికి పోయి కొంత జాగా పట్టుకుంది, కానీ ట్యాంకులు పోకపోతే తెల్లారేసరికి వాళ్లు బతకరు. ట్యాంకులు పోవాలంటే దారి కావాలి. ఆ దారి చేయాల్సింది సాపర్లు. డిసెంబర్ 15 రాత్రి ఆ పని మొదలైంది. ట్యాంకు ముందు పాతరలను తొలగించే యంత్రం ఉంటుంది, కానీ అది అన్నిటినీ తీయదు. మిగిలినవి మనిషే తీయాలి. బోర్లా పడుకుని, చేత్తో నేలను తడిమి, సన్నటి కడ్డీతో ఏటవాలుగా గుచ్చుకుంటూ పోవడం, గట్టిగా ఏదన్నా తగిలితే చుట్టూ మన్ను తీయడం. పైనించి గుండ్లు పడుతూనే ఉంటాయి. తీసిన దారికి రెండు పక్కలా తెల్ల టేపు కట్టుకుంటూ పోవాలి, చీకట్లో వెనక వచ్చే ట్యాంకుకు అదే గుర్తు.

ఇంకా సగం దారి మిగిలుండగానే అవతలి నుంచి కబురు వచ్చింది, శత్రువు ట్యాంకులు కదులుతున్నాయని. పూనా హార్స్ అనే మన ట్యాంకుల దళం ఇక ఆగలేదు, తీసినంత దారిలో వచ్చి, తీయని నేల మీదినుంచే అవతలికి పోయారు. మరునాడు 16న అదే దళానికి చెందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ తన ట్యాంకులోనే ప్రాణం వదిలాడు, 21 ఏళ్ల కుర్రాడు, పరమవీర చక్ర ఇచ్చారు. గ్రెనేడియర్స్‌కు చెందిన మేజర్ హోషియార్ సింగ్‌కు కూడా ఈ పోరాటంలోనే పరమవీర చక్ర, ఆయన గాయాలతో బతికి బయటపడ్డాడు. అంటే ఢాకాలో సంతకాలు జరిగిన రోజున బసంతర్ దగ్గర మనుషులు చస్తూనే ఉన్నారు. పడమర కాల్పులు ఆగింది 17 రాత్రి ఎనిమిదింటికి. అందుకే మా పెద్దనాయన ఏ ఏడాదీ డిసెంబర్ 16 సభకు రాలేదు. పిలిస్తే, "నాకు పదిహేడు" అనేవాడు. అంతకంటే ఎక్కువ చెప్పేవాడు కాదు.

ఆ రాత్రి ఆయన చేసిందేమిటో మాకు తెలిసింది కూడా ఆయన నోటి నుంచి కాదు. ఆయన ధైర్యానికి సైన్యం ఇచ్చిన పతకం, సేనా మెడల్‌తో పాటు వచ్చిన ఇంగ్లీషు కాగితంలో నాలుగైదు వాక్యాలున్నాయి. తోటి సాపర్ కాలు పోయి పాతరల మధ్య పడిపోతే, ఈయన తీయని నేల మీదే పాకుతూ పోయి ఇవతలికి లాక్కొచ్చాడని, తర్వాత తన తొడలో గుండు ముక్క దిగినా టేపు కట్టడం ఆపలేదని. నేను పదో తరగతికొచ్చాక ఆ కాగితం చదివి పెద్దమ్మకు తెలుగులో చెప్పాను. అప్పటిదాకా ఆమెకు తెలీదు. విని ఏమందో తెలుసా, "ఇద్దరు పిల్లలున్నరని యాదికి రాలేదా ఆయనకు" అంది. మీరు చప్పట్లు కొట్టేలోపే చెప్తున్నా, ఆమె అది గొప్పగా అనలేదు, నిజంగానే కోపంగా అంది. ఆ కోపం ఇప్పటికీ కొంత ఉంది.

ఇక్కడ ఊళ్లో ఏం జరిగింది? పంచాయతీ ఆఫీసు రేడియో చుట్టూ మొగోళ్లంతా మూగేవాళ్లు, ఈమె చేతిలో బిందె పట్టుకుని గోడవతల నిలబడి వినేది. యుద్ధం అయిపోయిందని రేడియో చెప్పింది, మనం గెలిచామని చెప్పింది, ఈమెకు కావలసిన ఒక్క ముక్కా చెప్పలేదు. తర్వాత టెలిగ్రాం వచ్చింది. టెలిగ్రాం అంటే ఆ రోజుల్లో చావు కబురే. కాగితం విప్పకముందే మా నానమ్మ శోకం మొదలుపెట్టింది, వాడకట్టంతా పోగైంది, ఎవరో నీళ్లు కూడా కాగబెట్టడం మొదలుపెట్టారట. ఇంగ్లీషు చదివేవాళ్లు ఊళ్లో లేరు. మా నాయన సైకిల్ మీద పరకాల పోయి ఒక సారుతో చదివించుకుని వచ్చేసరికి చీకటి పడింది. గాయమైంది, పఠాన్‌కోట్ మిలిటరీ ఆసుపత్రిలో ఉన్నాడు, ప్రాణానికి ప్రమాదం లేదు అని ఉంది అందులో. ఆ కొన్ని గంటలు పెద్దమ్మ ఏడ్వలేదట. గడపలో కూర్చుని మేడారం దిక్కు తిరిగి మొక్కింది. బతికి వస్తే సమ్మక్కకు నిలువెత్తు బంగారం ఇస్తానని. మనకు తెలుసుగా బంగారమంటే బెల్లం, మనిషిని తూచి అంత ఎత్తు. తర్వాత వచ్చిన జాతరకు తీసుకుపోయి తక్కెడలో కూర్చోబెట్టారు. ఆసుపత్రి నుంచి బక్కచిక్కి వచ్చాడు కాబట్టి బెల్లం తక్కువే పట్టిందని మా నానమ్మ సంతోషపడ్డదట, అప్పు చేసి కొన్నది కదా మరి.

1981లో హవల్దార్‌గా రిటైరై వచ్చాడు. హనుమకొండలో ఒక బ్యాంకులో గార్డు పని దొరికింది. అందరూ అనుకున్నారు, ఇక పెద్దమ్మ కష్టాలు తీరినయని. నిజానికి అక్కడి నుంచే ఆమెకు ఇంకో నౌకరీ మొదలైంది. ఆయనకు కుడిచెవి వినబడదు. మనిషి ఆ సంగతి ఒప్పుకోడు. ఈమె ఎప్పుడూ ఆయనకు ఎడమపక్కనే నడిచేది, కూర్చునేది, ఎవరన్నా కుడిపక్క నుంచి మాట్లాడితే తానే గట్టిగా మళ్లీ చెప్పేది, ఏదో ఊరికే అన్నట్టు. దుక్కి దున్నిన చేన్లోకి పోవాలంటే ఆయన నేలను చూస్తూ చిన్నగా అడుగులు వేసేవాడు, పిల్లలు ఆ మెత్తటి మన్నులో ఉరికితే ఒళ్లు వణికేంత కోపం వచ్చేది. ఎందుకో మాకెవరూ చెప్పలేదు. పెద్దమ్మ మాత్రం, "ఆయన అడుగులల్ల అడుగేసి నడువుండ్రి" అనేది. మేం ఆటలాగా నడిచేవాళ్లం. దానికి ఒక పేరుంటుందని, డాక్టర్లు చూసే సంగతేనని ఇప్పుడు నలుగురికీ తెలుస్తోంది. అప్పుడు ఆ వైద్యం అంతా ఈమెదే.

ఇంకో సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించాను, చెప్తాను. ఆయన ఊరికొచ్చిన కాలమూ, మన జిల్లాల్లో పీపుల్స్ వార్ అనే నక్సలైట్ల పార్టీ పెరిగిన కాలమూ ఒకటే. 1980లో పార్టీ పుట్టింది, ఆ తర్వాత పదిహేను ఇరవై ఏళ్లు ఇక్కడి పల్లెలు ఎట్లా బతికాయో మీలో చాలామందికి తెలుసు. రోడ్ల మీద, కల్వర్టుల కింద మందుపాతరలు. సరిహద్దులో వాటిని తీసొచ్చిన మనిషి సొంతూరి బస్సులో కూర్చుంటే కింద ఏముందో తెలియదు. కల్వర్టు రాగానే మాట మధ్యలో ఆపేసేవాడు, దాటాక మళ్లీ అక్కడి నుంచే అందుకునేవాడు. పోలీసులొచ్చి అడిగారు, నీకు మందుపాతరల పని వచ్చు కదా, ఎవరికన్నా నేర్పావా అని. అన్నలొచ్చి అడిగారు, మాకు నేర్పుతావా అని. ఇద్దరికీ ఒకటే జవాబు: "నాకు తీసుడే వచ్చు, పెట్టుడు రాదు." అది పూర్తిగా నిజం కాదు, సాపర్లకు రెండూ నేర్పుతారు, ఇక్కడున్న సార్లు నవ్వుతున్నారు చూడండి. కానీ ఆ ఒక్క అబద్ధం మీద మా ఇల్లు నిలబడింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో యూనిఫాం కనబడితే ప్రమాదమని, పెద్దమ్మ బట్టలను తీసుకుపోయి పొయ్యిలో పెట్టింది. మెడళ్లను కాల్చలేక గుడ్డలో చుట్టి వడ్ల గుమ్మి అడుగున పెట్టింది. సేనా మెడల్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, అన్నీ వడ్ల కింద. చాలా ఏళ్ల తర్వాత తీస్తే లోహం బాగానే ఉంది, రిబ్బన్లను పురుగు తినేసింది. సేనా మెడల్ రిబ్బన్ ఎర్రగా ఉండి నడుమ తెల్ల గీత ఉంటుంది, ఆ తెల్ల గీత ఎక్కడుందో వెతుక్కోవాలి ఇప్పుడు. కొత్త రిబ్బన్ తెస్తానంటే ఆయన వద్దన్నాడు.

మా అన్న, అంటే వాళ్ల పెద్దకొడుకు, భర్తీకి పోతానన్నాడు. దౌడులో గట్టివాడు. పెద్దమ్మ టెన్త్ మెమో, కులం సర్టిఫికెట్ అన్నీ దాచిపెట్టింది, భర్తీ తేదీ దాటిపోయాక తీసి ముందర పెట్టింది. ఇంట్లో నెలరోజులు మాటల్లేవు. పెద్దనాయన అటూ మాట్లాడలేదు, ఇటూ మాట్లాడలేదు. నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను, ఆయనకు కొడుకు పోవాలని ఉండెనా, వద్దని ఉండెనా అని. అన్న ఆర్టీసీ డ్రైవరయ్యాడు. ఇప్పుడు వాళ్ల అబ్బాయి పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో 1,600 మీటర్లు ఉరుకుతున్నాడు, అగ్నివీర్ కోసం. ఈసారి పెద్దమ్మ ఏమీ దాచలేదు. అడిగితే ఆమె లెక్క ఆమె చెప్పింది, "వీని తాత పద్దెనిమిదేండ్లు పోయిండు, వీడు నాలుగేండ్లకే వస్తడట గద, పోనీ." (నవ్వులు) నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకణ్నే ఉంచుకుంటారు, మిగతావాళ్ల సంగతేంటని మేమంతా టెన్షన్ పడుతుంటే, ఆమెకు ఆ పథకంలో నచ్చింది అదొక్కటే.

పెద్దనాయన 2018లో పోయాడు. ఇంట్లో, మంచంలో, నిద్రలో. ఇక్కడి మాజీ సైనికులు కొందరు వచ్చి పూలదండ వేసి సెల్యూట్ చేశారు, ఆ రుణం మరిచిపోము. ఆ తర్వాత జరిగిందే నేను ఈ రోజు అసలు చెప్పాలని వచ్చింది.

ఫ్యామిలీ పెన్షన్‌కు కాగితాలు పెడితే ఆగిపోయింది. పీపీఓలో, అంటే పెన్షన్ మంజూరు కాగితంలో, భార్య పేరు ఒక రకంగా ఉంది, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. 1967లో ఎవరో గుమాస్తా విన్నట్టు రాసుకున్నాడు, పుట్టిన తేదీ కూడా అందాజాగా వేశాడు. యాభై ఏళ్లు ఆ మనిషి పేరు మీద ఇల్లు నడిపిన ఆమె, ఒక కౌంటర్ ముందు నిలబడి ఆయన భార్యను నేనేనని నిరూపించుకోవాల్సి వచ్చింది. "ఈ పేరుతో భార్య రికార్డులో లేదమ్మా" అన్నాడు లోపలున్నాయన, మర్యాదగానే అన్నాడు, కోపంగా కూడా కాదు. ఈమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఏమీ అనలేదు, ఇంటికి పోదాం పా అంది. అఫిడవిట్లు, సాక్షులు, ఊరి నుంచి సర్టిఫికెట్లు, అన్నీ అయ్యాయి. చివరికి పనికొచ్చింది ఏంటంటే నల్ల ట్రంకు పెట్టెలో దొరికిన పాత పార్ట్ టూ ఆర్డర్ నకలు, పెళ్లి సంగతి, పిల్లల పుట్టుక సంగతి రికార్డు చేయించిన కాగితం. అది ఆయనే జాగ్రత్త చేశాడు. చాలా నెలలకు పెన్షన్ కదిలింది.

ఇంకోటి. సేనా మెడల్ శౌర్యానికి వస్తే నెలనెలా భత్యం ఉంటుంది. 2017లో దాన్ని 2,000 రూపాయలు చేశారు. చిన్న మొత్తమే. కానీ అది ఆయనతో పోదు, భార్యకు కూడా వస్తుంది. ఆ సంగతి మాకు చెప్పినవాళ్లు లేరు, వేరే పని మీద పోతే తెలిసింది.

మన తెలంగాణలో కర్నల్ సంతోష్ బాబు గారి పేరు తెలియనివాళ్లు లేరు. సూర్యాపేట బిడ్డ, 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమిచ్చారు. మహావీర చక్రను 2021 నవంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా వాళ్ల అమ్మగారు, భార్య ఇద్దరూ కలిసి అందుకుంటుంటే టీవీలో మేమంతా చూశాం, పెద్దమ్మ కూడా చూసింది. రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి తోడుగా నిలిచింది, భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది, అది న్యాయం, అట్లాగే ఉండాలి. నేను అడిగేది రెండో రకం ఇళ్ల గురించి. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడి ఇల్లు. ఆయన తిరిగొచ్చాడు కాబట్టి ఆ ఇంటికి ఏమీ కాలేదని అందరూ అనుకుంటారు. ఆయనతో పాటు ఇంట్లోకి వచ్చినదాన్ని ముప్పై నలభై ఏళ్లు సంభాళించిన మనిషి పేరు కనీసం కాగితంలో సరిగ్గా ఉండాలి కదా.

అందుకని, శాలువాలు కప్పే కార్యక్రమం ఎట్లాగూ ఉంది కానీ దానికంటే ముందు ఒక పని చేద్దాం. ఈ హాలు వెనక రెండు బల్లలు వేయించాను. డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చినవాళ్లు అక్కడికి రండి. నాలుగింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసి, తేడా ఉంటే దరఖాస్తు ఇక్కడే రాసిపెడతాం. సారు బతికున్నప్పుడైతే ఆయన సంతకంతో తొందరగా అయిపోతుంది, పోయాక ఎంత తిప్పలో ఇప్పుడే చెప్పాను, కాబట్టి సార్లూ, మాకేం తొందర లేదు అని కూర్చోకండి. సైనికుల పెన్షన్ వెబ్‌సైటు స్పర్శ్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇంకా వేయనివాళ్లుంటే అది కూడా చెప్పండి, మా పెద్దక్క కూతురు ఫోన్‌లో చేసిపెడుతుంది. కాగితాలు ఇంట్లో మరిచినవాళ్లు మీ పిల్లలకు ఫోన్ చేసి ఫొటో పంపమనండి. ముందు అమ్మల లైను, తర్వాత సార్లది. ఉప్మా, చాయ్ ఆ పక్క గదిలో ఉన్నాయి, లైన్లో నిలబడేముందే తినేయండి, షుగరున్నవాళ్లు ముఖ్యంగా.